ముప్పై కాగితాలు, ఒకే మునుం

లెక్క అంత చక్కగా వచ్చినప్పుడే యమునకు అనుమానం రావలసింది. పద్నాలుగేళ్ళుగా వంటింట్లో ఉన్న మనిషికి ఆ మాత్రం తెలియాలి. మొదటిసారి పోసిన మైసూర్‌పాకు మిఠాయి కొట్లో కొన్నట్టుగా వచ్చిందంటే, అది కొట్లో కొన్నదే అయి ఉంటుంది.

కానీ ఆ ఆదివారం వనపర్తి స్టడీ సెంటర్లో జయరాజు సారు ఆమె పట్టికను క్లాసులో అందరికీ ఎత్తి చూపించాడు.

"ముప్పై మంది. ఇరవై ప్రశ్నలు. ఒక్క ఖాళీ గడి లేదు, ఒక్క కొట్టివేత లేదు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఇంత శుభ్రమైన డేటా నేను చూడలేదు," అన్నాడు.

దూరవిద్యలో ఎమ్మెస్సీ సైకాలజీ చదువుతున్న తక్కిన పదకొండు మందీ చప్పట్లు కొట్టారు. ముప్పై ఆరేళ్ళ వయసులో తన కోసం ఎవరైనా చప్పట్లు కొట్టడం యమునకు అదే మొదలు. పెళ్ళిలో కొట్టారు గానీ అవి బ్యాండు వాళ్ళకు.

ఆమె ప్రాజెక్టు విషయం పెద్దదేమీ కాదు. చేలల్లో పనిచేసే ఆడవాళ్ళు ఒకరికొకరు ఎంత ఆసరాగా ఉంటారు, ఆ ఆసరా వల్ల మనసులో దిగులు తగ్గుతుందా అని. ఇరవై వాక్యాలు, ఒక్కోదానికి ఐదు గడులు: ఎల్లప్పుడూ, తరచుగా, అప్పుడప్పుడు, అరుదుగా, ఎప్పుడూ లేదు. వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగింటిలోగా రిపోర్టు ఇచ్చి, బయటినుంచి వచ్చే పరీక్షాధికారి ముందు కూర్చుని జవాబులు చెబితే చదువు పూర్తి. పూర్తయితే డిసెంబరు నుంచి గద్వాలలోనే ఒక ఆడపిల్లల జూనియర్ కాలేజీలో కౌన్సెలర్ ఉద్యోగం. ఆ కాలేజీ నడిపే మాలతి మేడం ముందే చెప్పింది, పాసైన కాగితం చూపించు, కుర్చీ చూపిస్తానని. తప్పితే మళ్ళీ ఏడాది. అప్పటిదాకా కుర్చీ ఎవరి కోసమూ ఖాళీగా ఉండదు.

ఆ రోజు బస్సు బీచుపల్లి వంతెన దాటుతున్నంతసేపూ యమున ఒడిలో ఫారాల కట్టను, పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చుంది.

ఇంటికి రాగానే ఆమె భర్త భానుప్రకాశ్ చాయ్ తాగుతూ ఆ కట్ట విప్పాడు. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టరు. కాగితాల కట్ట కనిపిస్తే విప్పకుండా ఉండలేడు. పెళ్ళి పత్రికలను కూడా ఎర్రపెన్ను దగ్గర పెట్టుకునే చదువుతాడు. నాలుగు కాగితాలు తిప్పాడు. చాయ్ పక్కన పెట్టాడు. ఇంకో నాలుగు తిప్పాడు.

"యమునా, ఇవన్నీ ఒకే చెయ్యి."

"గదెట్ల? ముప్పై మంది పెట్టిండ్రు."

"పదిహేడేండ్లు పదో తరగతి పరీక్షలకు కాపలా కాసినోన్ని. ఈ టిక్కు తోక సూడు, చివర్ల చిన్న కొక్కెం. దీంట్ల ఉంది. దీంట్ల గూడ ఉంది. గిది ఇంకా ముద్దుగ తిప్పింది. అక్కడక్కడ ఒకటి పక్క గడిలో పెట్టింది, సార్లు పట్టుకోకుండ. తెలివైన పిల్ల."

"మీకు అందరూ కాపీ కొట్టినట్టే కనిపిస్తరు."

"సరే. పదిహేడో నెంబరు సూడు. పైన 'భర్త లేరు' అని ఉంది. కింద పదకొండో ప్రశ్న, 'నా భర్త నా మాట శ్రద్ధగా వింటాడు.' జవాబు, ఎల్లప్పుడూ."

"ఫొటోల ఉన్నాయన వినక ఏం జేస్తడు?" అంది యమున. నవ్వబోయింది గానీ నవ్వు సగంలోనే నిలిచిపోయింది. కట్ట తన చేతిలోకి తీసుకుని ఒక్కొక్కటే చూసింది. కొక్కెం, కొక్కెం, కొక్కెం.

"మా బళ్ళె గిట్లయితె ఏం జేస్తమో తెలుసా?" అన్నాడు భానుప్రకాశ్.

"ఏం జేస్తరు?"

"పాస్ చేస్తం."

యమున లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఆలోచించాల్సి వచ్చినప్పుడల్లా ఆమె ఏదో ఒకటి కడుగుతుంది. ఆ సాయంత్రం కడిగిన గిన్నెలే రెండుసార్లు కడిగింది.

తప్పు వాళ్ళదైతే ఇంత బాధ ఉండేది కాదు. పదిహేను రోజుల కింద తను ఇటిక్యాల వైపు ఒక విత్తనాల పత్తి చేనుకు ఈ కాగితాలు పట్టుకుపోయింది. అక్కడ అంజమ్మ గుంపు పనిచేస్తోంది. గుంపుకు మేస్త్రి అంజమ్మ. ముప్పై మంది ఆడవాళ్ళను పోగుచేసి, పనికి తెచ్చి, మునుంలో, అంటే సాళ్ళ వెంట ఒకే వరసగా కదిలే బారులో, ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పే మనిషి. పత్తిలో క్రాసింగ్ నడుస్తున్న రోజులు. ముందురోజు మధ్యాహ్నం ఆడ మొక్కల మీది మొగ్గలను గోటితో ఒలిచి, లోపలి పుప్పొడి తీసేసి, గుర్తుకు ఎర్ర కాగితం ముక్క పెడతారు. తెల్లారి మగ పువ్వులు తెచ్చి ఆ మొగ్గల మీద రుద్దుతారు. ఎండ ముదిరేలోగా అయిపోవాలి.

"పువ్వు ఇడిశింది మేడం. పదకొండు దాటితె ముట్టుకున్నా లాభం లేదు," అంది అంజమ్మ ఆ రోజు, తలెత్తకుండానే. "కాయితాలు గట్టు మీద పెట్టి పో. ఎల్లుండి వచ్చి తీస్కపో."

పన్నెండున్నర బస్సు దొరికితే బట్టలు ఆరేయవచ్చు. యమున కాగితాలు గట్టు మీద పెట్టి, గాలికి ఎగరకుండా పైన రాయి పెట్టి వచ్చింది. ఎల్లుండి పోతే కట్ట సిద్ధంగా ఉంది, దాంతోపాటు ఒక సంచిలో గోరుచిక్కుడుకాయ కూడా. ఆ రాత్రే రిపోర్టులో మూడో అధ్యాయం రాసింది: "పరిశోధకురాలు ప్రతి ఒక్కరినీ వ్యక్తిగతంగా, ఏకాంతంగా కలిసి సమాధానాలు సేకరించింది." ఆ వాక్యం కిందటేడు పాసైన సీనియరు రిపోర్టులో ఉంది. అంతకు ముందటేడు రిపోర్టులోనూ ఉందట. ఆ వాక్యం లేని మూడో అధ్యాయం ఆమె చూడనే లేదు.

గోరుచిక్కుడు కూర మాత్రం బాగా కుదిరింది.

గిన్నెలు బోర్లించి, చేతులు తుడుచుకుని జయరాజు సారుకు ఫోను చేసింది. ఆయనది నాగర్‌కర్నూలు. ఆదివారాలు మాత్రం వనపర్తి వస్తాడు. జరిగింది జరిగినట్టు చెప్పింది: ఒకే చెయ్యి, పదిహేడో నెంబరు, గట్టు మీది రాయి, మూడో అధ్యాయం. అవతల టీవీలో వాతావరణం వార్తలు వినబడ్డాయి.

"అమ్మా యమునా, పొద్దున క్లాసులో పట్టిక ఎత్తి చూపించిన."

"చూపించిండ్రు సార్."

"చప్పట్లు కూడా కొట్టించిన."

"కొట్టించిండ్రు."

"పట్టిక చూసిన గానీ, ఒక్క ఫారం తీసి చూడలేదు. అది నా తప్పు." టీవీ కట్టేశాడు. "గడువు పెంచడం నా చేతుల లేదు. ఆదివారం నాలుగు గంటలు. ముప్పై మంది దొరకకపోతే ఇరవై మంది, ఇరవై దొరకకపోతే పది. ఎంతమంది దొరికితే అంతమందితోటి రాయండి. కానీ ఈ ముప్పైని వాడొద్దు. జరిగింది దాచొద్దు. రాస్తే మార్కులు తగ్గొచ్చు, పరీక్షాధికారి తిప్పి కూడా పంపొచ్చు. నేను మాటివ్వలేను."

"సరే సార్."

"ఇంకో మాట. సరిగ్గా చెయ్యడానికి ఐదు రోజులు చాలవు. అయినా చెయ్యండి."

ప్రోత్సాహం ఇలా కూడా ఉంటుందని యమున ఆ రోజే తెలుసుకుంది.

సోమవారం తొలి బస్సుకు పోతే, ఏడు గంటలకు ఆమె చేను గట్టు మీద ఉంది. ఆడవాళ్ళు నడుముకు కట్టిన ఒడి సంచుల్లో మగ పువ్వులు నింపుకుంటున్నారు.

"మల్ల వచ్చినవేంది మేడం? కూర బాగలేదా?" అంది అంజమ్మ. యాభై దాటిన మనిషి. నల్లగా, సన్నగా, చింతబరిగెలా ఉంటుంది.

"కూర మంచిగుంది అక్కా. కాయితాలే బాగలేవు. ఎట్ల నింపిండ్రు జర చెప్పు."

అంజమ్మ దాచే మనిషి కాదు. "ఎట్లేంది? గుంపుల చదువొచ్చింది మా సింధూజకే. ఇంటర్ పాసయ్యింది. అది చదివింది. నేను జవాబు చెప్పిన. అందరు అదే అన్నరు. అది టిక్కు గొట్టింది. ఏలుముద్రలు మాత్రం ఎవలయి వాళ్ళే ఏసిండ్రు, గది నేను ముట్టలే."

"నీ జవాబు అందరిదెట్లయితది?"

"వెనకబడితె ఎట్ల ఇడుస్తం?" అంది అంజమ్మ, ఇది కూడా చెప్పాలా అన్నట్టు. "మునుం పట్టినంక ముప్పై మందిమి ఒక్కసారే గట్టెక్కాలె. ఒకామె సాలు మిగిలితె పక్కామె అందుకుంటది. నీ కాయితం గూడ గంతే. వెంకటమ్మకు ఐదో ప్రశ్నకే నిద్రొచ్చింది. ఆమెను ఇడిశి పోతమా? మేమే చేసినం."

"ఎవ్వరినీ ఇడువలే మేడం," అంది సింధూజ గర్వంగా. "అన్నీ ఒకతీరుగుంటె మీ సార్లు పట్టుకుంటరని, నడుమ నడుమ మార్చిన గూడ."

యమునకు కోపం రావాలి. రాలేదు. ఆసరా మీద ప్రాజెక్టు చేస్తున్నానని వచ్చిన మనిషికి వాళ్ళు శక్తికొద్దీ ఆసరా ఇచ్చారు. ఇంకేం చేస్తారు?

ఆమె గొంతు సవరించుకుని చెప్పడం మొదలుపెట్టింది. వ్యక్తిగత భేదాలు, స్వతంత్ర ప్రతిస్పందన, పరిశోధన విలువ. క్లాసులో విన్నప్పుడు తనకు బాగానే అర్థమైనట్టుండింది. ఇక్కడ గట్టు మీద తన మాటలు తనకే అర్థం కాలేదు. ఆడవాళ్ళు మర్యాదగా వింటున్నారు. వెంకటమ్మ నిలబడే కునుకు తీస్తోంది. ఆమె ఈ గుంపులో పెద్దామె, డెబ్బైకి దగ్గర.

అప్పుడు అంజమ్మ చెయ్యి పక్క మొక్క మీదికి పోయింది. ముందురోజు ఎవరో ఒలవడం మరిచిన మొగ్గ ఒకటి తనంతట తనే పువ్వై నిండుగా విచ్చుకుని ఉంది. పుటుక్కున తెంచి దూరంగా విసిరేసింది.

"అక్కా, గదెందుకు తెంపినవు? మంచిగనే ఉంది గద," అంది యమున.

"మంచిగనే ఉంటది. కాయ గూడ మంచిగనే కాస్తది. సొంత పుప్పొడి పడ్డది దానికి. దాని గింజ ఈ లాటుల కలిసిందనుకో, పరీక్షల పోతది. మొత్తం లాటు వాపస్. సూస్తె ఏ గింజ ఏదో తెల్వదు, అన్నీ ఒక్కతీరుగనే ఉంటయ్."

"నా కాయితాల గూడ గదే అయ్యింది అక్కా," అంది యమున. "సూస్తె అన్నీ మంచిగనే ఉన్నయ్. సారు మెచ్చుకున్నడు. కానీ ఏది ఎవరిదో తెల్వదు."

అంజమ్మ చెయ్యి ఆగిపోయింది. ఒక మగ పువ్వును వేళ్ళ మధ్య తిప్పుతూ కాసేపు ఆలోచించింది.

"అంటె... మా చేన్ల సొంతది కలిస్తె లాటు పాయె. నీ కాయితంల పక్కోళ్ళది కలిస్తె పాయె."

"అంతే అక్కా."

"తిరకాసు చదువే నీది." అంజమ్మ తల తిప్పి గుంపు వైపు చూసింది. "ఇంటున్నరా? మేడం లాటు మనం ఫెయిల్ చేసినం. మల్ల చేసిచ్చుడే."

లాటు ఫెయిలవడం అంటే ఏమిటో ఆ గుంపులో ఎవరికీ విడమరచి చెప్పాల్సిన పని లేదు. వెంకటమ్మ కూడా కళ్ళు తెరిచింది.

కానీ పని ఆపడానికి వీల్లేదు. పువ్వు ఎవరి కోసమూ ఆగదు. ఉపాయం అంజమ్మే చెప్పింది. "నువ్వు గూడ మునుం పట్టు. ఒకామె పక్క సాలు పట్టుకో. ఆమెనడుగు, పువ్వు రుద్దు. అటు రెండు సాళ్ళు, ఇటు రెండు సాళ్ళు ఖాళీ ఇడిపిస్త. ఎవ్వరు ఇనరు. ఎవలన్న చెవి పెడితె నాకు జెప్పు."

అట్లా యమున కొంగు నడుముకు చుట్టి, ఒడి సంచి కట్టుకుని, విత్తనాల పత్తిలో దిగింది. ఏకాంతంగా కలవడం అంటే ఏమిటో మూడో అధ్యాయం రాసిన రెండు వారాలకు తెలియడం మొదలైంది.

పని చూస్తే తేలిక. ఎర్ర కాగితం ఉన్న మొగ్గ వెతకాలి, మగ పువ్వు రుద్దాలి, ముందుకు పోవాలి. ఇటు రుద్దుతూ అటు "గత నెలలో నా మాట వినే మనిషి నాకు దొరికారు: ఎల్లప్పుడూ, తరచుగా..." అని అడిగి, ఆగి, సంచి మీద అట్ట పెట్టి టిక్కు కొట్టేసరికి పక్కామె నాలుగు మొక్కలు ముందుకు పోయేది. మొదటి రోజు యమున సాలు సగంలో ఉండగానే తక్కినవాళ్ళు గట్టెక్కారు. తిరిగి చూస్తే ఇద్దరు అవతలి కొసనుంచి ఆమె సాలు అందుకుని వస్తున్నారు.

"మేడం చేతికి పువ్వు కంటె పెన్నే ఎక్కువ తిరుగుతుంది," అంది ఒకామె.

"ఈమె రుద్దిన మొగ్గలన్నీ మల్ల రుద్దుర్రి, లేకుంటె ఈ లాటు గూడ పోతది," అంది ఇంకొకామె. అందరూ నవ్వారు. యమున కూడా నవ్వింది. నడుము మాత్రం నవ్వలేదు.

ముందు సమ్మతి మాట. పేరు ఎక్కడా రాయను, నెంబరే ఉంటుంది, ఇష్టం లేకపోతే చెప్పనక్కరలేదు, నడుమ ఎక్కడైనా ఆపేయవచ్చు అని ప్రతి ఒక్కరికీ చెప్పింది. దానికి వచ్చిన మొదటి అభ్యంతరం ఏ పుస్తకంలోనూ లేదు.

"పేరు రాయకుంటె నేనే చెప్పినట్టు మీ సారుకు ఎట్ల తెలుస్తది?" అంది ఒకామె. "ఇంతసేపు చెప్పించుకుని నెంబరు పెడతవా? రేషన్ కార్డా నేను?"

మూడో రోజు వెంకటమ్మ వంతు వచ్చింది.

"నేను చెప్ప," అంది వెంకటమ్మ.

పక్క సాళ్ళు ఖాళీగానే ఉన్నాయి గానీ అంజమ్మ చెవులు ఆ సాళ్ళను దాటి వింటాయి. "గదేంది ముసలిదాన! మేడం బస్సు కిరాయి పెట్టుకుని వచ్చింది. చెప్పు!" అని అక్కడినుంచే అరిచింది.

"ఒద్దక్కా," అని యమున గట్టిగా అంది. అంజమ్మకు ఎదురు చెప్పిన గొంతు ఆ చేలో చాలా రోజులకు వినబడింది కాబోలు, రెండు మూడు తలలు లేచాయి. "చెప్పకపోవుడు ఆమె ఇష్టం. గట్లనే ముందే మాటిచ్చిన." వెంకటమ్మ వైపు తిరిగి, "థాంక్స్ అవ్వా," అంది.

"దేనికి?"

"చెప్ప అన్నందుకు. మొహమాటానికి ఏదో ఒకటి చెప్తె నాకు మల్ల లాటు పోతది."

వెంకటమ్మ కాసేపు ఆ మాటను నమిలింది. "ఒద్దు అంటె థాంక్స్ చెప్పినోళ్ళను నేను ఇన్నేండ్లల్ల సూడలే," అంది. తర్వాత తన సాలు పొడుగునా మాట్లాడింది. మొగుడి సంగతి, కోడలి సంగతి, తను పద్దెనిమిదేళ్ళప్పుడు పూణేలో కట్టిన ఆనకట్ట సంగతి. యమున ప్రాజెక్టు మొత్తానికి పనికొచ్చే మాటలు ఆ ఒక్క సాలులో ఉన్నాయి. కాగితం మీద ఒద్దంది కాబట్టి ఒక్కటి కూడా రాయడానికి లేదు. యమున పెన్ను సంచిలో వేసుకుని పువ్వులు రుద్దుతూ వింది. ఆ మాటలు రిపోర్టులో లేవు. ఇక్కడా ఉండవు.

శుక్రవారానికి ఇరవై రెండు మంది అయ్యారు. నలుగురు ఒద్దన్నారు. ముగ్గురు వేరే చేనుకు పోయారు. మిగిలింది అంజమ్మ.

మేస్త్రి ఎప్పుడూ చివరి సాలు పడుతుంది, అందరూ కనిపించేలా. యమున ఆమె పక్క సాలులోకి వచ్చింది. అంజమ్మ మొదటి ఎనిమిది ప్రశ్నలకు చకచకా జవాబిచ్చింది. తను ఇంతకుముందు ముప్పై కాగితాలకు చెప్పిన జవాబులు ఆమెకు నోటికే వచ్చు, చాలావరకు అవే. తొమ్మిదోది వచ్చింది: "పనిలో నేను వెనకబడితే ఆదుకునేవాళ్ళు ఉన్నారు."

అంజమ్మ ఒక మొగ్గ రుద్దింది. ఇంకో మొగ్గ రుద్దింది. మూడో మొగ్గకు పువ్వు మార్చింది.

"నేను వెనకబడితె గుంపు ఆగుతది. అందుకే పడ."

"అది జవాబు గాదక్కా. ఐదింట్ల ఒకటి చెప్పాలె."

"మల్ల ఆ ఐదు చదువు."

యమున చదివింది. అంజమ్మ ఒకటి చెప్పింది. యమున ఆ గడిలో టిక్కు పెట్టింది. ఏ గడి అన్నది వాళ్ళిద్దరి మధ్యది. వెనకటి ముప్పై కాగితాల మీద ఉన్న గడి మాత్రం కాదు.

"గిది బయటికి పోతదా?" అంది అంజమ్మ.

"పోదు అక్కా."

"మీ ఇంటాయనకు?"

"అస్సలు పోదు."

ఆ సాయంత్రం భానుప్రకాశ్ అడగనే అడిగాడు. కొత్త కట్ట మీద చెయ్యి వేయబోయాడు కూడా. "మేస్త్రమ్మ ఏమన్నది? ఆమెది మాత్రం సూపియ్యి."

"మీ పదో తరగతి పేపర్లు నాకు సూపిస్తరా?"

"ఎందుకు సూపియ్య? చదువుకుంటూ నవ్వుకుంటం గద."

"అందుకే నేను సూపియ్య," అంది యమున. కట్టను బియ్యం డబ్బాలో పెట్టి మూత వేసింది. పద్నాలుగేళ్ళ సంసారంలో ఆయన ఎప్పుడూ తెరవని చోటు అదొక్కటే.

ఆదివారం వనపర్తిలో మధ్యాహ్నం మూడున్నరకు రిపోర్టు ఇచ్చింది. ఈసారి ఇరవై మూడు మందే. తొమ్మిది ఖాళీ గడులు, బోలెడు కొట్టివేతలు, ఒకచోట పత్తాకు మరక. ఫలితం కూడా అనుకున్నంత పెద్దగా ఏమీ తేలలేదు. ఆసరా ఉందన్నవాళ్ళలో దిగులు కొంచెం తక్కువ, అంతే. మూడో అధ్యాయంలో పాత వాక్యం పోయింది. దాని స్థానంలో "జరిగిన పొరపాటు" అనే శీర్షిక కింద పూర్తిగా ఒక పేజీ వచ్చింది. గట్టు మీది రాయితో సహా.

బయటినుంచి వచ్చిన పరీక్షాధికారి తక్కిన పేజీలను వేలితో తిరగేసి, ఆ పేజీ దగ్గర ఆగాడు. రెండుసార్లు చదివాడు. యమున తన పుస్తకాల సంచి పట్టీని వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. కిటికీ దగ్గర నిలబడ్డ జయరాజు సారు బయట ఏదో ముఖ్యమైనది జరుగుతున్నట్టు చూస్తున్నాడు.

"మొదటి ముప్పై ఫారాలు ఏం చేశారు?" అని అడిగాడు పరీక్షాధికారి.

"విడిగా పెట్టిన సార్. వాడలేదు, పారేయలేదు."

"ఈ పేజీ రాయకపోతే నాకు తెలిసేది కాదు కదమ్మా."

"తెలిసేది కాదు సార్," అంది యమున. "అంజమ్మకు తెలిసేది."

"అంజమ్మ ఎవరు?"

"అది చెప్పకూడదు సార్," అంది యమున నాలుక కరుచుకుని. కిటికీ దగ్గర జయరాజు సారు దగ్గాడు. అది నవ్వని యమునకు తెలుసు.

పాసైంది. మొదటి ర్యాంకు కాదు, రెండోదీ కాదు. పట్టికను ఎవరూ ఎత్తి చూపించలేదు, చప్పట్లు లేవు. బయటికి వచ్చాక జయరాజు సారు, కాలేజీ ఉద్యోగానికి ఆమె రాసుకున్న బయోడేటా తీసుకుని చూశాడు. నైపుణ్యాలు అన్న చోట ఇలా ఉంది: ప్రశ్న అడిగి ఆగగలను. వద్దన్నవారిని బలవంతపెట్టను. విన్నది దాచగలను. పత్తి క్రాసింగ్, ఐదు రోజులు, నాసిరకం.

"చివరిది తీసేయండి అమ్మా."

"అబద్ధం రాయొద్దని మీరే చెప్పిండ్రు సార్."

"అబద్ధం కాకపోతే చాలదు, అక్కర కూడా ఉండాలె," అన్నాడు ఆయన. యమున సరే అంది, తీసేయలేదు. ఆ సాయంత్రమే మాలతి మేడం ఫోను చేసి డిసెంబరు ఒకటిన రమ్మంది. కుర్చీ సిద్ధమేనట. ఒక కాలు కొంచెం కురచ, కింద అట్టముక్క పెట్టుకోవాలట.

సోమవారం పొద్దున యమున మళ్ళీ ఇటిక్యాల బస్సు ఎక్కింది. ఏమి తేలిందో వచ్చి చెబుతానని ఆ గుంపుకు మాటిచ్చింది. రెండు కిలోల లడ్డూలు కూడా పట్టుకుంది.

"పాసయ్యిందా లాటు?" అని దూరం నుంచే అరిచింది సింధూజ.

"పాసయ్యింది!"

ఎనిమిదింటికే లడ్డూలు అయిపోయాయి. వెంకటమ్మ రెండు తీసుకుంది, ఒకటి తనకు, ఒకటి ఒద్దన్నందుకు.

"ఏం తేలింది మరి?" అంది అంజమ్మ.

"వెనకబడితె ఆదుకునేటోళ్ళు ఉన్నరని చానామంది చెప్పిండ్రు," అంది యమున. "లేరని గూడ కొందరు చెప్పిండ్రు."

"మన గుంపులనా? ఎవలు?" అంది సింధూజ. ఇరవై ఆరు తలలు ఒకదానివైపు ఒకటి తిరిగాయి. ఒక తల మాత్రం మొగ్గల మీదికి వంగింది.

"చెప్ప."

"జర చెప్పు మేడం, ఎవలికి చెప్పం."

"లడ్డూ తిన్నరు గద. చాలు," అంది యమున.

పువ్వు విచ్చుకుంటోంది. అందరూ మునుం పట్టారు. యమున కొంగు నడుముకు చుట్టింది. ఒడి సంచిలో మగ పువ్వులు నింపుకుంది. అడుగుల కింద తడి మట్టి మెత్తగా దిగుతుంటే గట్టు వెంట చుట్టూ తిరిగి చేను అవతలి కొసకు పోయింది. అక్కడ చివరి సాలు ముందు నిలబడింది. అది అంజమ్మది. అక్కడినుంచి అంజమ్మకు ఎదురుగా రుద్దుకుంటూ రావడం మొదలుపెట్టింది.

"ఏయ్ మేడం! గది నా సాలు!" అని అరిచింది అంజమ్మ.

"తెలుసక్కా. ఐదు దినాలు నా సాలు మీరు చేసిండ్రు. గిది బాకీ."

"నేను వెనకబడలే!"

"పడలే. ఊరికెనే వస్తున్న."

నడుమ సాళ్ళలో ఎవరో పకపక నవ్వారు. "మేస్త్రికి మనిషి దొరికింది!" అంది సింధూజ. కాసేపటికి ఆమె తన సాలు ముగించి, మారు మాట లేకుండా, అంజమ్మ సాలు అవతలి కొసనుంచి యమున పక్కకు వచ్చి చేరింది. వెంకటమ్మ కూడా తన సాలు వదిలి బయలుదేరింది గానీ దారిలో గట్టు మీద కూర్చుని ఆగిపోయింది.

ఆ రోజు అంజమ్మ సాలు అందరికంటే ముందు అయిపోయింది. గుంపులో ఎన్నడూ జరగని పని. గట్టెక్కి, కొంగుతో మొహం తుడుచుకుని, అంజమ్మ తన సాలు వైపు తిరిగి చూసింది. ఎర్ర కాగితాలు ఒక్కొక్కటే పరీక్షగా చూసుకుంటూ ఐదు నిమిషాలు నడిచింది. తర్వాత ఒడిలో మిగిలిన నాలుగు మగ పువ్వులు తీసుకుని, యమున రుద్దిన మొగ్గలన్నిటినీ మళ్ళీ రుద్దడానికి, నవ్వుకుంటూ, చేలోకి దిగింది.